ఓడ దిగి వెళ్ళిన ఇల్లు

మాకు ఓడ ఎక్కే యోగం సిమెంటు బస్తాల వల్ల పట్టింది. ప్రొద్దుటూరులో మాది ఇనుము, సిమెంటు దుకాణం. పెళ్ళయిన కొత్తలో ఆయనకు అన్నం క్యారియర్ తీసుకుపోయేదాన్ని. పిల్లలు చదువులకని ఊరు దాటాక గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటున్నాను. అమ్మకాలు బాగున్న డీలర్లను కంపెనీ అప్పుడప్పుడు ఏదో ఒక దేశం తిప్పుతుంది. బ్యాంకాక్, దుబాయ్ అలాగే చూశాం. ఎక్కడికి పోయినా అదే గుంపు, అదే పప్పన్నం, అవే ఫొటోలు. ఈసారి మాత్రం కరీబియన్ సముద్రంలో ఓడ ప్రయాణం అన్నారు. మా జిల్లాలో ఆ అవకాశం మాకు, పులివెందులలో దుకాణమున్న ఒకాయనకు మాత్రమే వచ్చింది. ఆయన్ను నేను అన్నా అంటాను, ఆయన భార్యను వదినా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, డీలర్ల మీటింగుల్లో కలిసి కలిసి అలా కుదిరింది.

వీసా పని అయిపోయాక హైదరాబాదు నుంచి టూర్ ఏజెంటు ఫోన్ చేశాడు. ఓడ మూడు దీవుల దగ్గర ఆగుతుందట. పొద్దున ఆగితే మళ్ళీ సాయంత్రం కదలడమే. ఆ మధ్యలో దిగి ఏం చూడాలో ముందే ఎంచుకోవాలట. వాటిని షోర్ ఎక్స్‌కర్షన్లు అంటారట. "లేట్ చేయకండి మేడమ్, మంచివన్నీ అయిపోతాయి" అంటూ వాట్సాప్‌లో ఒక పెద్ద ఫైలు పంపాడు.

ఆ ఆదివారం పొద్దున్నే పులివెందుల నుంచి అన్న, వదిన వచ్చారు. ఉగ్గాని, బజ్జీలు తిని, ఫోన్ను టీవీకి తగిలించుకుని నలుగురం కూర్చున్నాం. మొదటి దీవిలో నడుములోతు నీళ్ళలో నిలబడి, చేటంత వెడల్పుండే చేపలను చేత్తో తాకవచ్చు అని ఉంది.

"కరిస్తే?" అంది వదిన.

"కరిసేదాన్ని తాకమని యెవురన్నా దుడ్లు తీసుకుంటారా? ఊరికే భయపడతాండావు" అన్నాడు అన్న.

దానికి అందరం సరేనన్నాం. రెండో దీవిలో పాత కోట ఒకటి, అడవి మీదుగా తాడుకు వేలాడుతూ జారడం ఒకటి. "కోట సూసేదానికి సముద్రం దాటి పోవల్లనా? గండికోట సాలదా మనకు?" అని అన్న తాడు వైపు మొగ్గాడు. వదిన ఆ తాడు బొమ్మ వైపు చూడను కూడా లేదు. చివరకు ఆడవాళ్ళం కోటకు, మగవాళ్ళు తాడుకు అని తీర్మానమైంది.

మూడో దీవి దగ్గరే చిక్కు వచ్చింది. అక్కడ రకాలు ఎక్కువ. జలాంతర్గామిలో సముద్రం అడుక్కు దిగడం, గుర్రాల మీద ఇసుకలో పోవడం, చెరకు సారా తయారుచేసే ఫ్యాక్టరీ చూడటం. అన్న వెంటనే ఫ్యాక్టరీ అన్నాడు. ఆయన్ను ఎవరూ ఆపలేకపోయారు. మా ఆయనకు జలాంతర్గామి మీద మనసు పోయింది. చిన్నప్పటి నుంచీ అదొక్కటి చూడాలని ఉండేదట. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ పేజీ చివర్లో, మిగతావాటికంటే చిన్న అక్షరాల్లో, ఇంకొకటి ఉంది. పల్లెలో ఒక కుటుంబంతో మధ్యాహ్న భోజనం. పక్కన అగ్గిపెట్టంత ఫొటో. రేకుల కప్పు ఇల్లు, తెరిచిన తలుపు, లోపల చీకటి. నేను లేచి టీవీ దగ్గరికి పోయి చూశాను. ఆ ఇంటి గడప పసుప్పచ్చగా ఉంది. దాని మీద వరసగా ఎర్ర చుక్కలు.

"ఇది సూడు వదినా" అన్నాను.

వదిన కూడా లేచి వచ్చింది. "పసుపు మాదిరే ఉండాదే! కుంకం గూడా పెట్టినారు."

"పెయింటు అది" అన్నాడు మా ఆయన. "దీవుల్లో ఇండ్లకు అన్ని రంగులూ ఏస్తారు. పల్లెలో బువ్వ తినేదానికి అంత దూరం పోవల్లనా? దువ్వూరు పోతే నీకు యెవురైనా పెడతారు."

అందరం నవ్వాం. నాకు ఆ ఇంటికి పోవాలనే ఉంది కానీ, ఆయన మొహం చూసి, జలాంతర్గామే కానిమ్మన్నాను. వదినకూ అదే రాయించాం. నీళ్ళ మీదికంటే నీళ్ళ కింద భయం తక్కువేమోనని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆయన ఏజెంటుకు అన్నీ టైపు చేసి పంపాడు. పంపేటప్పుడు నేను పక్కనే ఉండి చూశాను.

వారం తిరక్కుండా రసీదులు వచ్చాయి. మూడో దీవికి అన్నకు సారా ఫ్యాక్టరీ అనే ఉంది. మా ముగ్గురికీ మాత్రం పల్లెలో భోజనం అని ఉంది.

"నువ్వు ఫోన్ చేసి మార్పించినావు గదా?" అన్నాడు ఆయన.

"నేనేల మార్పిస్తానయ్యా? నీకు ఇష్టమని నేనే గదా ఒప్పుకున్నది."

ఆయన ఏజెంటుకు ఫోన్ చేశాడు. "మీరు పంపిందే బుక్ చేశాను సార్" అన్నాడు ఆ అబ్బాయి. ఈయన పంపిన మెసేజీ వెతికి తీశాడు. అందులో జలాంతర్గామి అనే ఉంది. ఏజెంటు అది చూసి, "సారీ సార్, ఎక్కడో పొరపాటు, మార్చేస్తాను" అన్నాడు. మార్చినట్టు సాయంత్రం కాగితం కూడా వచ్చింది. ఆ సంగతి మేం అంతటితో మర్చిపోయాం.

ఓడ ఎక్కి గదిలోకి పోయేసరికి బల్ల మీద కవరు ఉంది. అందులో మూడు దీవుల టికెట్లు. చివరి టికెట్టు తీసి చదివి, ఆయన దాన్ని నా ముందు పెట్టాడు. పల్లెలో మధ్యాహ్న భోజనం. వదిన కవరులోనూ అదే.

కింద టికెట్ల కౌంటరుకు పోయాం. అక్కడ కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూసి, జలాంతర్గామి నిండిపోయిందనీ, మీ పేర్లు మొదటి నుంచీ భోజనానికే ఉన్నాయనీ చెప్పింది. "మామూలుగా దీనికి మనుషులు చాలక రద్దు చేస్తుంటాం. ఈసారి మీ ముగ్గురే ఉన్నారు. అయినా ఆ ఇంటివాళ్ళు రమ్మన్నారు" అంది. ఆయన విసుక్కున్నాడు. నేను కోరుకున్నదే జరిగింది కానీ, ఎందుకో సంతోషం కలగలేదు.

చేపలు కరవలేదు. తాడు తెగలేదు. మూడో దీవికి చేరిన పొద్దు ఎండ మా ఊరి ఎండలాగే ఉంది. అన్న ఉత్సాహంగా ఫ్యాక్టరీ బస్సు ఎక్కి పోయాడు. మా కోసం ఒక చిన్న వ్యాను వచ్చింది. దాన్ని నడుపుతున్నది పాతికేళ్ళ అమ్మాయి. ఒళ్ళు నలుపు, జుట్టు ఉంగరాలు, కళ్ళు మాత్రం మా పక్క ఆడపిల్లల కళ్ళలాగే ఉన్నాయి. ఆ ఇంటి మనవరాలు తనేనట. వాళ్ళ అవ్వకు ఇంగ్లీషు రాదనీ, తను తర్జుమా చేస్తాననీ చెప్పింది. ఇంగ్లీషు నాకూ అంతంత మాత్రమే. అయినా ఆ పిల్ల నిదానంగా మాట్లాడేది, అర్థమయ్యేది.

ఊరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా చెరకు. గాలి లేదు. చెరకు ఆకు మాత్రం కదులుతూ ఉంది. "రోడ్డు మన పెండ్లిమర్రి పక్క రోడ్డు మాదిరే ఉండాది" అన్నాడు మా ఆయన, కోపం కాస్త తగ్గి. వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒక చోట వ్యాను మలుపు తిరగబోతే, "ఈడనే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమంటి నేను?" అని అడిగింది. మలుపు తిరగ్గానే ఆ ఇల్లు కనిపించింది.

ఫొటోలో ఉన్నట్టే ఉంది. రెండు రాతి స్తంభాల మధ్య ఇనుప గేటు, వాకిలి, నాలుగు మెట్లు, వరండా. గడపకు పసుపే. వంగి చూశాను. కుంకుమే. మెట్లెక్కి, నాకు తెలియకుండానే గడప తొక్కకుండా కుడికాలు లోపల పెట్టాను.

లోపల కుర్చీలో కూర్చున్న ముసలామె అది చూసింది. చాలా పెద్ద వయసు. ఎండిన చింతకాయలాగా ఉంది. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఏదో అంది. మనవరాలు తర్జుమా చేసింది: "ఇన్నేళ్ళుగా ఎంతమంది టూరిస్టులు వచ్చినా అందరూ గడప మీద కాలేసే లోపలికి వస్తారట. తొక్కకుండా వచ్చింది మీరేనట."

వదినకు మోకాళ్ళ నొప్పి. మెట్లెక్కగానే ఆయాసం వచ్చి వరండాలో పై మెట్టు మీద, తలుపు ఎదురుగా కూలబడింది. అన్నం అక్కడికే తెచ్చిచ్చారు. మేమిద్దరం లోపల బల్ల దగ్గర తిన్నాం. అన్నం, కందుల కూర, మేకమాంసం. ధనియాల పొడి వేసిన ఆ మాంసం వాసన మా ఇంటి వంట వాసనే. ఆయన మారు అడిగి వేయించుకున్నాడు.

తిన్నాక ముసలామె మేము ఎక్కడి వాళ్ళమో అడిగింది. ఇండియా అన్నాను. "అక్కడ ఎక్కడ?" అంది. కడప, ప్రొద్దుటూరు అని చెప్పాను. ఆమెకు ఆ పేర్లేవీ తెలిసినట్టు లేదు. తన అవ్వకు అవ్వ ఓడలో వచ్చిందనీ, చెరకు తోటల పనికి తెచ్చారనీ, వచ్చేటప్పుడు ఒంటరిగా ఉందనీ చెప్పింది. ఆమె పేరు ఇక్కడి దొరలు మార్చేశారట. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆమె భాష కూడా ఎవరికీ మిగల్లేదు. ఒక్క మాట మాత్రం మిగిలింది.

"ఆ మాట మీకు వినిపిస్తుందట" అంది మనవరాలు. "రోజూ దీపం పెట్టేటప్పుడు చెబుతాం. ముత్తవ్వ చనిపోయేటప్పుడు ఎప్పుడూ మానొద్దని చెప్పిందట. ఆమెను ఇంటికి పిలిచే ప్రార్థన అది."

ముసలామె లేచి తలుపు దగ్గరికి పోయింది. తల మీదికి గుడ్డ లాక్కుంది. ఎడమచెయ్యి ద్వారబంధానికి ఆనించి, బయటికి చూస్తూ, రాగం లేకుండా చెప్పింది.

"ఈడెవుల్లేరో. ముందరింట్కి పో."

మొదటిసారి నాకు అర్థం కాలేదు. చెవికి తగిలింది కానీ, మనసుకు పోలేదు. రెండోసారి చెప్పింది. ఈసారి నీళ్ళ గ్లాసు అందుకోబోతున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఈడ ఎవురూ లేరు. ముందర ఇంటికి పో. మా పెన్నా పక్క మాట. నేను పుట్టి పెరిగిన చోటి మాట. ఆ మాటను మోసుకొచ్చిన నోరు మట్టిలో కలిసి ఎన్నేళ్ళయిందో.

ముసలామె వెనక్కి వచ్చి మళ్ళీ నా మణికట్టు పట్టుకుంది. మనవరాలు అడగకముందే నాకు ప్రశ్న అర్థమైంది.

"చెప్పొద్దు లేమ్మే" అన్నాడు మా ఆయన తెలుగులో, తల వంచుకునే. "దేవుని మాటని చెప్పు. పాపం, ముసిలామె."

కానీ ఆమె నా మొహంలోకే చూస్తూ ఉంది. వయసుకు కళ్ళు పాలిపోయాయి, చూపు మాత్రం పదునుగా ఉంది. అబద్ధం చెబితే తెలిసిపోతుందనిపించింది. మెల్లగా చెప్పాను. ఇక్కడ ఎవరూ లేరు, పక్క ఇంటికి పో అని అర్థం. ఇది పిలిచే మాట కాదు. పంపించేసే మాట.

ముసలామె మనవరాలి భుజం తట్టింది, చెప్పమని. ఆ పిల్ల చెప్పింది. అప్పుడు ముసలామె ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. గేటు వైపు చూసి, చిన్నగా తలూపి, నాలుగే మాటలు అంది.

"ఏమంటోంది?" అని అడిగాను.

మనవరాలు కూడా గేటు వైపు చూసింది. "అందుకేనా లోపలికి రానిది, అంటోంది."

తర్వాత చెప్పింది. టూరిస్టులకు చెప్పకూడని విషయమట. దీపాలు పెట్టే వేళకు గేటు స్తంభం పక్కన ఒక ఆడమనిషి నిలబడుతుంది. తల మీద తడిగుడ్డ. ఇంట్లో అందరూ చూశారు. తను కూడా చూసింది. ఎవరినీ ఏమీ అనదు. ముత్తవ్వేనని అందరికీ తెలుసు. ఆమె వచ్చిందని సంతోషంతో ఇంకా గట్టిగా ఆ మాట చెప్పేవాళ్ళట. అది వినగానే ఆమె తల వంచుకుని పోయేదట.

మా ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడైంది.

ముసలామె నన్ను అడిగింది: లోపలికి రమ్మనడానికి మీ భాషలో ఏమంటారు?

"లోపలికి రామ్మా" అన్నాను.

ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని నములుతున్నట్టు నాలుగైదు సార్లు అనుకుంది. లోప్లికి రామ్మా. లోప్లికి రామ్మా. మళ్ళీ తలుపు దగ్గరికి పోయి, తల మీద గుడ్డ సర్దుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గేటు వైపు చూస్తూ పిలిచింది.

గేటు కదల్లేదు. ఏమీ కనిపించలేదు. వాకిలి మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. అప్పుడు మెట్టు మీద కూర్చుని మాకు వీపు పెట్టి ఉన్న వదిన కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కొంగు ఒడిలోకి లాక్కుని, గోడ వారకు జరిగింది. ఇంట్లోకి ఎవరైనా వస్తుంటే దారిస్తాం కదా, అట్లా జరిగింది. జరిగి తల ఎత్తి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"యెవురొచ్చిరి?" అంది.

ముసలామె పక్కకు తొలిగి నిలబడి ఉంది. ఆమె మొహం వెలిగిపోతూ ఉంది. లోపల గదిలోకి చెయ్యి చూపించి, మర్యాదగా, ఒక పక్కగా నడిచిపోయింది. కాసేపటికి వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. అన్నం వడ్డిస్తోందని మనవరాలు చెప్పింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది, లోపలికి పోలేదు.

అదే వ్యానులో మళ్ళీ ఓడ దగ్గరికి వచ్చాం. దిగేటప్పుడు మనవరాలు నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది. అన్న ఫ్యాక్టరీ నుంచి మంచి హుషారుగా వచ్చి, "ఏం పెట్టిరి మీ పల్లెలో?" అని అడిగాడు. "కందుల కూర" అన్నాడు మా ఆయన.

సాయంత్రం డెక్కు మీద వదిన, నేను కూర్చున్నాం. ఎక్కడ చూసినా మనుషులే, పాటలే. వదిన తన కుడి పాదం పదే పదే తుడుచుకుంటూ ఉంది.

"నొప్పా వదినా?"

"నొప్పి గాదు. మద్యాన్నం మెట్ల మీద తడిగుడ్డ తగిలినట్లయ్యె నా కాలికి. యింగా సల్లగానే ఉండాది." మళ్ళీ అంది: "ఉప్పు నీళ్ళ వాసన గూడా వచ్చె. సముద్రం ఆడికి శానా దూరం గదా?"

ఊరికి వచ్చాక మొదటి ఆదివారమే జమ్మలమడుగు పోయాను. మా అమ్మ అక్క, మా పెద్దమ్మ, అక్కడే ఉంటుంది. ఎనభై దాటినా జ్ఞాపకం చెక్కు చెదరలేదు. తీసుకుపోయిన చాక్లెట్లు పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆ మాట చెప్పగానే పెద్దమ్మ నన్ను ఆపింది.

"అది నీకెట్ల తెలుసు? నేను మీ అమ్మకు గూడా చెప్పలేదే."

"ఏంది పెద్దమ్మా అది?"

"మా అవ్వ చెప్పేది. కరువు దినాల్లో, కలరా దినాల్లో. పొద్దు గూకేటప్పుడు వాకిట్లో యెవురో ఒకరు వచ్చి నిలబడతారంట. ఆకలితో వచ్చినోల్లే. బతికుండారో లేదో గూడా తెలీదు. పెట్టేదానికి ఇంట్లో ఏముండాది? అందుకని అట్ల చెప్పి తలుపేసేటోల్లు. యే ఇంట్లో చూసినా అదే మాట. ఒక్క పొద్దు మానినా లోపలికొస్తారని భయం."

వక్క నోట్లో వేసుకుని నమలసాగింది. నేను మిగతాది కూడా చెప్పాను, ముసలామె లోపలికి పిలిచిందని.

"పేరు పెట్టి పిలిచిందా?"

"పేరు వాళ్ళకు తెలీదు పెద్దమ్మా."

పెద్దమ్మ నమలడం ఆపేసింది. "పేరు లేకుండా పిలిస్తే యెవురైనా వస్తారు గదమ్మా" అంది.

ఆ ఎండాకాలం పనుల్లో పడిపోయాను. ఇళ్ళు కట్టేవాళ్ళకు అదే అదను, బస్తాలు వచ్చినవి వచ్చినట్టే పోతుంటాయి. ఒకరోజు పొద్దున లారీ దించుతుండగా ఫోన్‌లో వాయిస్ మెసేజి వచ్చింది. ఆ దీవి పిల్ల. వాళ్ళ అవ్వ బాగానే ఉందట. కానీ పగలు కునుకు తీసినప్పుడు నిద్రలో ఏదో మాట్లాడుతోందట. అది తమ భాష కాదట, రికార్డు చేశాను, వినమని. బస్తాల చప్పుడుకు వినిపించక, గోడౌను వెనక్కి పోయి ఫోను చెవికి ఆనించుకున్నాను.

ముసలామె గొంతే. నిద్రలో ముద్దగా ఉన్నా ప్రతి మాటా తెలిసింది.

"యింగా శానామంది ఉండారు. ఆడనే నిలబడుకోనుండారు."

శానా అనే మాట నేను ఆమెకు నేర్పలేదు. నేను నేర్పింది ఒక్కటే మాట.

మా ఆయన విని, "చిన్నప్పుడు అవ్వ దగ్గర విన్న మాటలు ముసలితనంలో మళ్ళీ వస్తాయి. ఎక్కడో చదివినా" అన్నాడు. అయ్యుండవచ్చు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆయన ఆ పొద్దంతా లెక్కలన్నీ తప్పు చేశాడు. సాయంత్రం తనే కారు తీసి, "పెద్దమ్మ కాడికి పోదాం పద" అన్నాడు.

పెద్దమ్మ ఆ మాట రెండు సార్లు పెట్టించుకుని వింది. ఆమె మొహంలో భయం కనిపించలేదు.

"ఒకామెను పిలిచి మిగతావాళ్ళను వాకిట్లో నిలబెట్టేది న్యాయం గాదు" అంది. "ఓడలో వచ్చినోల్లు ఒకరా? అందరినీ రమ్మని నువ్వే ఫోన్లో చెప్పి పంపు, ఆడ తలుపు కాడ పెట్టమను. అయితే నువ్వు ఆ మాట మన గడపలో నిలబడి అనొద్దు. యాడన్నా బయల్లో నిలబడి అను."

మర్నాడు పొద్దున నేను, ఆయన పెన్నా ఇసుకలోకి దిగాం. నీళ్ళు లేవు. కనుచూపు మేర ఇసుక, అక్కడక్కడ తుమ్మ చెట్లు. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. ఆయన ఫోను పట్టుకున్నాడు. నేను ఇసుక వైపు తిరిగి నిలబడ్డాను. ఏ దేశంలోనో ఒక తలుపు దగ్గర ఈ రికార్డు పెడతారు, పిలిచే గొంతు నాదే అవుతుంది అన్న ఆలోచన అప్పుడే వచ్చింది.

"కానీ మ్మే" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"లోపలికి రండి" అన్నాను. "అందరూ లోపలికి రండి."

గాలి లేదు. నా మాట ఇసుక మీద అలా పోయినట్టు అనిపించింది. ఆయన రికార్డు ఆపి, ఫోను జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు. బయట, పగటిపూట, ఆయన నా చెయ్యి పట్టుకోవడం ఎప్పుడూ లేదు. గట్టు ఎక్కేదాకా ఇద్దరం వెనక్కి చూడలేదు.

రికార్డు పంపాక చాలా రోజులు జవాబు లేదు. చూసినట్టు గుర్తు మాత్రం పడింది. వదినకు ఫోన్ చేసి చెబితే, "నీకేల ఈ పెత్తనమంతా?" అని తిట్టి, తర్వాత మెల్లగా, "జవాబొస్తే నాకు గూడా చెప్పు" అంది.

చివరకు ఒకరోజు ఆ పిల్ల రాసింది. రికార్డు తలుపు దగ్గర పెట్టారట. అవ్వ నిద్రలో మాట్లాడటం మానేసిందట. ఇప్పుడు దీపాల వేళ గేటు దగ్గర ఎవరూ ఉండటం లేదట. టూరిస్టుల భోజనాలు మాత్రం ఆపేశామంది. ఎందుకని అడిగాను.

"చోటు లేదు" అని వచ్చింది జవాబు.

భయంగా ఉందా అని అడిగాను. లేదంది. ఎవరి మంచం మీద వాళ్ళం ఒక పక్కకు జరిగి పడుకుంటున్నాం, ఎవరూ చెప్పకుండానే, అంది. అవ్వ చాలా సంతోషంగా ఉందట. పొద్దున్నే లేచి పెద్ద గిన్నె పెట్టించి వండిస్తుందట. తినేది మాత్రం ఇంట్లో ముగ్గురమే అంది.

మిగిలినదంతా ఏం చేస్తున్నారు అని అడిగాను.

ఆ పిల్ల చాలాసేపు టైపు చేస్తున్నట్టు చూపించింది. కొట్టేసి మళ్ళీ రాస్తున్నట్టుంది. చివరకు ఒక్క ముక్క వచ్చింది.

"ఏమీ మిగలడం లేదు."